మనుషుల లెక్క, ప్రణాళికల లెక్క
(ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "దేశాభివృద్ధి ప్రణాళికలలో జనాభా విషయాలకు స్థానం". పేరు కొంచెం బరువుగానే ఉన్నది. ఇటువంటి పేరు వినగానే సభలో సగంమంది ఢిల్లీని తలచుకుంటారు, మిగతా సగం గడియారాన్ని చూసుకుంటారు. కనుక నేను ఢిల్లీనుండి కాక కుందూ ఒడ్డునుండి మొదలుపెడతాను. జనాభాకూ ప్రణాళికకూ సంబంధం ఏమిటో తెలుసుకోవడానికి మన ప్రాంతాన్ని మించిన పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు.

జనాభా అనగానే మనకు తోచేది ఒక్కటే: మనుషులు ఎక్కువైపోయారు, తిండి చాలదు, కాబట్టి పుట్టుకలు తగ్గించాలి. యాభై ఏళ్ళపాటు గోడలమీద, రేడియోలో, ఎర్ర త్రికోణం బొమ్మలతో మనకు నేర్పినది అదే. కాని జనాభా అంటే తలల మొత్తం ఒక్కటే కాదు. ఆ తలల వయసు ఎంత, ఆడవారెందరు, మగవారెందరు, ఏ ఊరిలో ఉన్నారు, ఏ నెలలో ఊరు వదలిపోతారు, ఎవరు చదివారు, ఎవరు చిన్నవయసులో చనిపోతున్నారు, ఇవన్నీ కలిస్తే జనాభా. వీటిని ముందు చూసుకొని కాలువ తవ్వడం, బడి కట్టడం, పింఛను ఇవ్వడం ఒక పద్ధతి. ముందు కాలువ తవ్వి, బడి కట్టి, తరువాత మనుషులను వెతకడం రెండో పద్ధతి. మన ప్రాంతం రెండో పద్ధతిని ఎక్కువగా చూసింది.

కర్నూలు-కడప కాలువనే తీసుకోండి. మనం కే.సీ. కెనాల్ అంటాం. సర్ ఆర్థర్ కాటన్ దొరగారి ఆలోచనలను ఆధారం చేసుకొని, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ తుంగభద్రమీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, 1871 నాటికి కడప వరకు కాలువను పూర్తిచేసింది. నీరు ఉన్నది, నేల ఉన్నది, పల్లం ఉన్నది. ఇంజనీరు లెక్క అంతా సరిపోయింది. తీరా చూస్తే రైతులు నీరు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదంటే, ఇది నల్లరేగడి. జొన్న, పత్తి, కొర్ర మెట్టన పండే భూమి. దానిని మాగాణిగా మార్చాలంటే గట్లు వేయాలి, చదును చేయాలి, ఎద్దులు కావాలి, అప్పు కావాలి, అన్నిటికంటే ముందు చేతులు కావాలి. కృష్ణా గోదావరి డెల్టాలలో ఉన్నంత ఒత్తుగా ఇక్కడ జనం లేరు. నీటి తీరువ కట్టే స్తోమతు ఉన్నవారు అంతకంటే తక్కువ. కంపెనీ నష్టాలలో పడింది. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని కొనుక్కొన్నది. లెక్కలో నీరు ఉన్నది కాని మనిషి లేడు. చరిత్రకారులు దీనిని సాధారణంగా డబ్బు లెక్కలలోని పొరపాటుగా రాస్తారు. నా మట్టుకు నాకు ఇది జనాభా లెక్కలోని పొరపాటుగా కనబడుతున్నది.

కాలువ పూర్తయిన ఐదేళ్ళకే 1876-78 కరవు వచ్చింది. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొన్నది దానినే. అంతకు పదేళ్ళ ముందు 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలాదిమందికి గంజికేంద్రాలు పెట్టి ప్రాణాలు నిలిపారు. ఆ పేరు మన ప్రాంతంలో ఇప్పటికీ మరవలేదు. కాని ధాత కరవు ఒక మనిషి దయకు అందేది కాదు. మద్రాసు రాజధానిలో అన్ని జిల్లాలకంటే కర్నూలు జిల్లా ఎక్కువ దెబ్బతిన్నది. 1871 జనగణనలో తొమ్మిది లక్షల పైచిలుకు ఉన్న జిల్లా జనాభా, 1881 జనగణన నాటికి ఏడు లక్షల లోపుకు దిగిపోయింది. నలుగురిలో ఒకరు లేరన్న మాట. కొందరు చనిపోయారు, కొందరు వలసపోయారు, పుట్టవలసినవారు కొందరు పుట్టనే లేదు. కరవు వచ్చినప్పుడు మాత్రం అదే కే.సీ. కాలువ నీటికి రైతులు ఎగబడ్డారు.

ఇందులో రెండు సంగతులు గమనించగోరుతాను. మొదటిది, జనం పెరగడమే పెద్ద ఆపద అన్న మాట మన జిల్లాకు వచ్చి చెబితే ఆనాటివారు నవ్వి ఉండేవారు. ఇక్కడి ఆపద జనం తుడిచిపెట్టుకుపోవడం. రెండవది, ఆ కరవు తరువాత ప్రభుత్వం 1880లో కరవు కమిషన్ నివేదిక తెప్పించుకొన్నది. దాని ఆధారంగా ఫామిన్ కోడులు వచ్చాయి. ఊళ్ళలో చావులు పెరుగుతున్నాయా, ధాన్యం ధరలు ఎక్కుతున్నాయా, జనం గుంపులుగా ఊరు వదలుతున్నారా అని కనిపెట్టి, ముందుగానే పనులు తెరవాలన్నది ఆ కోడుల సారం. మనుషుల కదలికను చూసి ప్రభుత్వం తన పని నిర్ణయించుకోవడం ఈ దేశంలో పకడ్బందీగా మొదలైనది అక్కడ. జనాభా విషయాలను ప్రణాళికతో కలపడం అనే మాట ఐక్యరాజ్యసమితివారు తెచ్చిన కొత్త మాట అని కొందరు అనుకుంటారు. దాని ఒక వేరు మన కరవులో ఉన్నది.

స్వరాజ్యం వచ్చిన తరువాత కథ మీకు తెలిసినదే, త్వరగా చెప్పి ముందుకు పోతాను. 1951లో మొదలైన మొదటి పంచవర్ష ప్రణాళికలోనే కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయించారు. 1952లో జాతీయ కార్యక్రమం ప్రారంభమయినది. అధికారికంగా ఇటువంటి కార్యక్రమాన్ని చేపట్టిన మొదటి దేశం మనదే. 1966లో ప్రత్యేక శాఖ, ఆ వెంటనే టార్గెట్లు. 1976 ఏప్రిల్‌లో జాతీయ జనాభా విధానం వచ్చింది. రాష్ట్రాలకు ఇచ్చే కేంద్ర సహాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణ ఫలితాలకు ముడివేసింది ఆ విధానమే. 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. వారిలో అధికసంఖ్యాకులు మగవారు. ఉత్తరాదిన బలవంతం ఎక్కువ. 1977 ఎన్నికలలో అక్కడి ప్రజలు ఏమి తీర్పు ఇచ్చారో లోకానికి తెలుసు.

ఆ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకు వచ్చాయి. మిగిలిన ఒక్కటి మన నంద్యాల. నీలం సంజీవరెడ్డిగారు జనతా పార్టీ తరఫున ఇక్కడినుండి గెలిచి, లోక్‌సభ స్పీకరై, అదే సంవత్సరం రాష్ట్రపతి అయ్యారు. ఆయన గెలుపుకు కారణాలు వేరు, దానిని ఆపరేషన్లకు ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచినది, ఆ 1977 తరువాత ఏమి జరిగిందన్నది. ప్రభుత్వాలకు ఒక భయం పట్టుకొన్నది. మగవారి జోలికి పోతే ఓట్లు పోతాయి. కాబట్టి కార్యక్రమం పేరు కుటుంబ నియంత్రణనుండి కుటుంబ సంక్షేమంగా మారింది, కత్తి మగవారినుండి ఆడవారివైపు తిరిగింది. అప్పటినుండి ఇప్పటివరకు అది తిరిగి రాలేదు.

సహోదరీలు ఇక్కడ చాలామంది ఉన్నారు గనుక ఈ సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో వివాహితలైన స్త్రీలలో నూటికి 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవారి ఆపరేషన్లు నూటికి ఒక్కటి కూడా లేవు, అరశాతం లోపు. తాత్కాలిక పద్ధతులు వాడేవారు బహు తక్కువ. అదే సర్వేలో, 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్ధెనిమిది నిండకముందే పెళ్ళి అయిపోయింది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేడేళ్ళకు పెళ్ళి, పద్ధెనిమిదికి ఒక కాన్పు, ఇరవై ఒకటికి రెండో కాన్పు, దానితోపాటే ఆపరేషన్. పాతికేళ్ళు నిండకముందే ఆమె మాతృత్వం ముగిసిపోతుంది. ఆ పైన గర్భసంచి తొలగించుకొన్న స్త్రీల శాతం దేశం మొత్తంమీద మన రాష్ట్రంలోనే ఎక్కువ. ఇన్ని జరిగినా ఆమెను ఎవరూ ఒక్కమాట అడగలేదు: అమ్మా, నీకేమి కావాలి అని.

కాని ఫలితం చూడండి, లెక్కలవారు చప్పట్లు కొట్టవలసిన ఫలితం. ఒక స్త్రీకి సగటున పుట్టే బిడ్డల సంఖ్య 1992-93లో ఉమ్మడి రాష్ట్రంలో 2.6 ఉండగా, 2005-06 నాటికి 1.8కి, 2019-21 నాటికి విభజిత ఆంధ్రప్రదేశ్‌లో 1.7కి వచ్చింది. తల్లిదండ్రుల స్థానంలో పిల్లలు సమానంగా నిలవాలంటే 2.1 కావాలి. అంటే మనం ఆ గీత దిగి ఇరవై ఏళ్ళు అయింది. పసిపిల్లల మరణాలు వెయ్యికి 70నుండి 30కి తగ్గాయి. కేరళలో ఇది చదువుతో జరిగింది. మనకు 2001లో స్త్రీల అక్షరాస్యత 50 శాతం దగ్గరే ఉన్నది. 2011లో కూడా ఉమ్మడి కర్నూలు జిల్లాలో స్త్రీలలో సగంమందే చదువు వచ్చినవారు. చదువు సగంలో ఉండగానే పుట్టుకలు ఇంతగా ఎలా తగ్గాయని జనాభా శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడి చాలా రాశారు. కిలో రెండు రూపాయల బియ్యం, డ్వాక్రా సంఘాలు, ఊరూరా తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు అని రకరకాల కారణాలు చెప్పారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉన్నది. నాకు తోచినది మాత్రం, మన ఆడవాళ్ళు లెక్క తమంతట తామే వేసుకొన్నారు. కూలికి పోయి, పిల్లవాడిని కాన్వెంటులో చేర్చి, ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు, ఎంతమందిని కనాలో చెప్పడానికి ఆమెకు పంచవర్ష ప్రణాళిక అక్కరలేదు.

ఇక మన నంద్యాల మళ్ళీ దేశపటంమీద కనబడింది 1991లో. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు ఉప ఎన్నికలో ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో ఇక్కడినుండి ఎన్నికయ్యారు. ఆర్థిక సంస్కరణల సంగతే అందరూ చెప్పుకుంటారు గాని, జనాభా విషయంలో కూడా ఆ ఐదేళ్ళూ ముఖ్యమైనవి. 1993లో డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్‌గారి అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని వేశారు. టార్గెట్లు పనికిరావు, ఆరోగ్యం, స్త్రీల చదువు, పర్యావరణం, వీటన్నిటితో కలిపి, పంచాయతీల చేతులమీదుగా జనాభా విధానం నడవాలి అని 1994లో ఆ సంఘం చెప్పింది. అదే సంవత్సరం కైరోలో జరిగిన ప్రపంచ మహాసభ కూడా దాదాపు ఇదే తీర్మానించింది. 1996 ఏప్రిల్‌నుండి దేశంలో ఆపరేషన్ల టార్గెట్లను కాగితంమీద ఎత్తివేశారు. కాగితంమీద అని ఎందుకు అన్నానో ఆ రోజుల్లో ఆరోగ్యశాఖలో పనిచేసిన సోదరీమణులకు వివరించనక్కరలేదు.

అయితే అదే 1994లో మన రాష్ట్రం పంచాయతీరాజ్ చట్టం చేస్తూ ఒక నిబంధన పెట్టింది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలు ఉన్నవారు స్థానిక సంస్థలకు పోటీచేయరాదు. 1995 మే 30 తరువాత మూడో బిడ్డ పుడితే అనర్హులు. పార్లమెంటు సభ్యులకు కూడా ఇటువంటి నిబంధన పెట్టాలని 1992లో రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చారు గాని అది చట్టం కాలేదు. అంటే ఢిల్లీలో కూర్చునేవారికి లేని షరతు మన ఊరి వార్డు మెంబరుకు వచ్చింది. సరిగ్గా స్త్రీలకు, దళితులకు, వెనుకబడినవారికి రిజర్వేషన్లు వచ్చి, మొదటిసారి ఆ కుర్చీలో కూర్చునే అవకాశం కలిగిన సమయంలో వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, కొడుకు కావాలని అత్తింటివారు పట్టుబడితే మూడో కాన్పుకు వెళ్ళిన ఇల్లాలు సర్పంచి పదవికి అనర్హురాలు. పట్టుబట్టినవారికి ఏ శిక్షా లేదు. హర్యానా చట్టంలోని ఇటువంటి నిబంధనను 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. న్యాయస్థానం తీర్పును నేను విమర్శించబోను. కాని చట్టానికి బలం ఉండవచ్చు, దానివలన జనాభా తగ్గిందన్నదానికి నిదర్శనం లేదు. పుట్టుకలు పోటీచేయనివారి ఇళ్ళలో కూడా అంతే వేగంగా తగ్గాయి.

ఆ నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ రద్దుచేసింది. మంచిదే. అయితే రద్దుచేసిన కారణం వేరు. ఇప్పుడు మనకు పిల్లలు చాలరట. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు 2024 అక్టోబరునుండి, ఎక్కువమంది పిల్లలను కనండి అని చెబుతూ వచ్చారు. ముప్పై ఏళ్ళ క్రితం ఇద్దరికి మించి కంటే పదవి లేదన్న ప్రభుత్వమే, ఈనాడు ఇద్దరికి తక్కువ కంటే రాష్ట్రానికి నష్టమంటున్నది. పాతకాలపు ఆరోగ్య కార్యకర్తలకు ఇది విని నవ్వాలో ఏడవాలో తెలియక ఉండవచ్చు.

ఈ భయంలో నిజం లేదని నేను అనను. నిజం ఉన్నది. 1976లో 42వ సవరణ లోక్‌సభ స్థానాల పంపకాన్ని 1971 జనగణన దగ్గర ఆపింది. పుట్టుకలు తగ్గించిన రాష్ట్రాలు నష్టపోరాదని ఆ ఏర్పాటు. 84వ సవరణ దానిని 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. కనుక దక్షిణాది రాష్ట్రాలకు స్థానాల విషయంలో దిగులు సహజం. వృద్ధుల సంగతి కూడా అంతే. 2021లో మన రాష్ట్రంలో అరవై దాటినవారు నూటికి 12 మంది అని అంచనా, 2031 నాటికి 16 మంది. ఇది గట్టి లెక్కే.

కాని మందు రోగానికి తగినదేనా అని చూడాలి. 2047కు స్వర్ణాంధ్ర అంటున్నాము. 2047లో అరవై ఏళ్ళు నిండేవారు ఎవరు? 1987లో పుట్టినవారు. వారు ఇప్పటికే పుట్టి, పెరిగి, పిల్లలను కని, మన మధ్యనే తిరుగుతున్నారు. వారిని ఎక్కువ చేయలేము, తక్కువ చేయలేము. ఈ రెండు మూడేళ్ళలో పుట్టే బిడ్డకు 2047లో ఇరవై రెండో ఇరవయ్యో. చదువు అప్పుడే ముగిసి ఉంటుంది, ఉద్యోగం ఇంకా దొరికి ఉండదు. కాబట్టి ఈనాడు ఎంతమందిని కన్నా ఆనాటి వృద్ధుల బరువును మోయడానికి వారు అందిరారు. పైగా పిల్లలను కనమంటే కంటారా? చైనా 1980 ప్రాంతంలో ఒక్క బిడ్డ చాలునని శాసించి, 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతించింది. పుట్టుకలు మాత్రం పెరగలేదు. దక్షిణ కొరియా ఎంతో సొమ్ము ఖర్చుపెట్టి కూడా 2023లో 0.72కు పడిపోయింది. వద్దన్నప్పుడు బలవంతంగానైనా ఆపగలిగిన ప్రభుత్వాలు కావాలన్నప్పుడు పుట్టించలేకపోయాయి.

మరి 2047లో పనిచేసి పన్ను కట్టేవారు ఎవరు? ఇప్పుడు అంగన్‌వాడీలో ఉన్నవారు, పదో తరగతి తప్పి పత్తి విత్తనాల చేలల్లో పనికి పోతున్నవారు, పదిహేడేళ్ళకు పెళ్ళి అవుతున్న ఆడపిల్ల. ఉన్న పిల్లలే సరిగా ఎదగకుండా, లేని పిల్లలకోసం పిలుపు ఇవ్వడం నాకు వింతగా ఉన్నది. జనాభాను ప్రణాళికలో కలపడమంటే సంఖ్యను పెంచడం, దించడం అని ఇంకా అనుకుంటూ ఉండడంవల్లనే ఈ చిక్కు.

సంఖ్య కాక మిగతా జనాభా విషయాలను వదిలేస్తే ఏమవుతుందో మన జిల్లాలోనే శ్రీశైలం జలాశయం చూపించింది. 1981లో నీరు నిలబెట్టడానికి ముందు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలను ఖాళీచేయించారు. లక్షమందికి పైగా ఇళ్ళు, పొలాలు వదిలారు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఊళ్ళు అందులో చాలా ఉన్నాయి. డ్యామ్ ఎత్తు ఎంత, ఎన్ని టీఎంసీలు, ఎన్ని మెగావాట్లు అన్నవి అంగుళం తప్పకుండా లెక్కవేశారు. ఆ మనుషులు ఎక్కడికి పోతారు, వారి పిల్లలు ఏ బడికి పోతారు, అన్నది మాత్రం పొక్లెయిన్లు వచ్చిన రోజునకు తేలలేదు. ఇంటికొక ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీ.ఓ. ఇచ్చారు. ఆ జీ.ఓ. పేరు పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగి ముసలివాళ్ళయినవారు ఉన్నారు. ఆ నీళ్ళే శ్రీశైలం కుడికాలువగా, తెలుగుగంగగా మన పక్కనుండి పోతున్నాయి, వెలుగోడులో నిలుస్తున్నాయి, మద్రాసు పట్టణపు దాహం తీరుస్తున్నాయి. ఆళ్ళగడ్డ వైపు మాగాణి పెరిగింది. ఎవరి మునకవల్ల ఎవరికి పంట వచ్చిందో ఆ లెక్క ఏ ప్రణాళిక పుస్తకంలోనూ కనబడదు.

వలసల సంగతి కూడా అంతే. కర్నూలు పడమటి మండలాలు ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపునుండి ప్రతి సంవత్సరం వేలకుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు పోతాయి. సంక్రాంతి తరువాత పోయి ఉగాదికి వస్తారు. మన జనగణన ఎప్పుడు జరుగుతుంది? ఫిబ్రవరిలో. 2011లో అలాగే జరిగింది. 2021లో జరగవలసినది కోవిడ్‌వల్ల ఆగి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయమయింది. ఇళ్ళకు తాళాలు ఉండే నెలలోనే మనుషులను లెక్కబెట్టడం. ఆ కుటుంబం గుంటూరు చేలో గుడారంలో లెక్కకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వారి ఊరిలో జనం తక్కువ కనబడతారు. ఆ తక్కువ లెక్కమీదనే పదేళ్ళపాటు నిధులు, మంచినీళ్ళు, సబ్ సెంటర్లు. వలసపోయినవారి పిల్లలకు సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, అది మంచి ఆలోచన. కాని ఏ ఊరికి ఎన్ని కావాలో తెలియాలంటే ఆ ఊరు ఏ నెలలో ఎంత ఖాళీ అవుతుందో ఎవరైనా రాసి ఉంచాలి.

నల్లమల చెంచులను కూడా ఒక మాట తలచుకోవాలి. జిల్లా సగటులో వారు కనబడరు. రాష్ట్రమంతటా పుట్టుకలు తగ్గాయా, పెరిగాయా అని వాదించుకుంటున్నాము. గూడెంలో పుట్టిన బిడ్డ బ్రతుకుతున్నదా అన్నదే వారి జనాభా సమస్య. శ్రీశైలంలో వారికోసం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్నది. అయినా ఆ చిన్న జాతికి ఒక విధానం, మనకు ఒక విధానం ఉండాలన్న జ్ఞానం పైస్థాయిలో ఆలస్యంగా వస్తుంది.

మన సంఘాలకు సంబంధించిన ఒక సున్నితమైన సంగతి కూడా చెప్పక తప్పదు. మన సంఘాలలో అధికభాగం ఏ కులాలనుండి వచ్చారో అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడనని రాసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు, మన రాష్ట్రంలో బి.సి.-సి కింద వస్తాడు. అందువలన గణకుడు గడపలోకి వచ్చినప్పుడు ఒక జవాబు, ఆదివారం ఇంకొక జీవితం. 2011 లెక్కలలో రాష్ట్రంలో క్రైస్తవులు నూటికి ఇద్దరు కూడా లేరు. మన బల్లలు నిండిన ఆరాధనలను చూసినవారికి ఆ అంకె ఎందుకలా ఉన్నదో తెలుసు. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు, పిల్లవాడి స్కాలర్‌షిప్ పోతుందని భయపడే తండ్రిని ఎవరు తప్పుపడతారు? మనిషి తన్నుతాను దాచుకుంటే గాని సహాయం అందని ఏర్పాటులో, లెక్కలు ఎలా నిజమవుతాయి అని అడుగుతున్నాను, అంతే. రాబోయే జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని 2025లో కేంద్రం ప్రకటించింది గనుక ఈ ప్రశ్న మళ్ళీ మన గడపలోకి వస్తుంది.

ఇక మనం చేయగలిగిన పని. ప్లానింగ్ కమిషన్ 2014లో పోయింది, పంచవర్ష ప్రణాళికలు 2017తో ముగిశాయి. ప్రణాళిక అనేది ఇప్పుడు కింద మిగిలి ఉన్నది: ప్రతి గ్రామపంచాయతీ ఏటా తన అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. చాలా ఊళ్ళలో అది సీసీ రోడ్డు, మురుగుకాలువ, వీధిదీపాలు అని నాలుగు గీతలు గీసి పంపే కాగితం. అందులో మనుషులను ఎక్కించడానికి ఎవరూ అడ్డుచెప్పరు, ఎక్కించేవారే లేరు.

మన దగ్గర ఒక సాధనం ఉన్నది. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వంటి పాత మిషను సంఘాలలో బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధి రిజిస్టరు అని మూడు పుస్తకాలు ఉంటాయి. ప్రభుత్వం 1969లో జనన మరణాల నమోదు చట్టం చేయడానికి ఎంతో ముందునుండి మన గురువులు, ఉపదేశులు పుట్టుక, పెళ్ళి, చావు రాస్తూ వచ్చారు. వాటిని మనం బీరువాలో పెట్టి తాళం వేశాము, సర్టిఫికెట్ కావలసినప్పుడు తప్ప తెరవము. వివాహపు రిజిస్టరులో వధువు వయసు గడిని పదేళ్ళకొకసారి చూసుకుంటే, మన సంఘంలో ఆడపిల్లల పెళ్ళివయసు పెరిగిందో లేదో గంటలో తేలుతుంది. అంతేకాదు, ఆ గడిలో పద్ధెనిమిది అని రాసిన చోట ఆధారం చూశామా లేదా అన్నది కూడా మన గురువులు కొంచెం ఆలోచించుకోవాలి. 2023 సవరణ తరువాత, ఆ సంవత్సరం అక్టోబరు 1 మొదలు పుట్టిన బిడ్డలకు బడి చేరిక మొదలు అన్నిటికీ జనన ధ్రువపత్రమే ముఖ్య ఆధారం. ఇంట్లో కాన్పు అయినవారికి, వలసలో పుట్టినవారికి అది చేయించిపెట్టడం ఈనాడు పరిచర్యలోకే వస్తుంది.

నా కోరిక ఇది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల ప్రతి సంఘమూ ఈ సంవత్సరం ఒక నోటుపుస్తకం తీసుకొని, తన ఊరిలోని ఇళ్ళన్నిటిని, మనవారివి మాత్రమే కాదు, తిరిగి రాయాలి. స్త్రీల మైత్రి వారు, యువజనులు కలిసి చేస్తే రెండు వందల ఇళ్ళ ఊరు నాలుగు ఆదివారాల పని. ఆరేళ్ళలోపు పిల్లలు ఎందరు. పదో తరగతి తరువాత ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఎందరు. అరవై దాటి ఒంటరిగా ఉన్నవారు ఎందరు, వారికి పింఛను అందుతున్నదా, నెలకు నాలుగువేలు చేతికి వచ్చినా అన్నం వండిపెట్టేవారు ఉన్నారా. ఏ నెలలో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడతాయి. కుందూ, మద్దిలేరు వాగుల అంచున కొత్తగా ఎన్ని ఇళ్ళు లేచాయి. 2019 సెప్టెంబరు వానలకు మహానంది కోనేర్లలోకే వరద వచ్చిందని మరచిపోకండి. ఈ ఐదు ప్రశ్నలు చాలు. కులం, మతం అడగవద్దు, ఆ చిక్కు మనకెందుకు.

ఆ పుస్తకాన్ని గ్రామసభ జరిగే రోజున పట్టుకుపోయి సర్పంచిగారి ముందు చదవండి. కార్యదర్శి తీసుకోనంటే మినిట్సులో రాయించమని అడగండి, అది అడిగే హక్కు ఊరిలో ఓటు ఉన్న ప్రతివారికీ ఉన్నది. మొదటి సంవత్సరం నవ్వుతారు. రెండో సంవత్సరం అంగన్‌వాడీ టీచరు మీ దగ్గరకు లెక్కకోసం వస్తుంది. నేను నమూనా పత్రం ఒకటి గీసి తెచ్చాను. భోజన విరామంలో కావలసినవారు ద్వారం దగ్గర బల్లమీద తీసుకోవచ్చు. ఒక్కొక్క సంఘానికి రెండేసి ప్రతులే వేయించగలిగాను, మిగతావి మీరే చేతిరాతతో ఎత్తిరాసుకోవాలి.